మీకు తెలుసా? చుక్క ముఖాన మచ్చలు, లెక్కల్లో దొంగ గ్రహాలు

ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల జాబితా ఆరు వేలు దాటింది. అందులో టెలిస్కోపుకు నేరుగా చిక్కి ఫొటోలో పడ్డవి చాలా కొద్ది. మిగతా వాటి బరువు, సైజు, గాలి, చివరికి అవి ఉన్నాయన్న మాట కూడా నక్షత్రం వెలుగును చదివి చెప్పినవే. అంటే సాక్షి ఒక్కరే. ఆ సాక్షి ముఖాన మచ్చలుంటాయి, ఒళ్లంతా మరుగుతూ ఉంటుంది, పైగా తన చుట్టూ తాను తిరుగుతూ మాట మారుస్తుంది. దాంతో జరిగిన తమాషాలే ఈసారి.

గ్రహం లేదు, సందేశాలు మాత్రం వెళ్తున్నాయి

తులా రాశిలో, మనకు 20 కాంతి సంవత్సరాల దూరంలో గ్లీస్ 581 అనే చిన్న ఎర్ర నక్షత్రం ఉంది. దాని చుట్టూ ‘డి’ అనే గ్రహం దొరికిందని 2007లో ప్రకటించారు. 2009లో లెక్క సవరించి, అది సుమారు 66 రోజులకో చుట్టు తిరుగుతోందని, నీరు నీరుగా నిలవగలిగేంత దూరంలోనే ఉందని చెప్పేసరికి దానికి ఒక్కసారిగా పేరొచ్చింది. ఆ ఆగస్టులోనే ఆస్ట్రేలియాలో జనం దగ్గర పొట్టి పొట్టి సందేశాలు సేకరించి, దాదాపు 26 వేల సందేశాలను కాన్‌బెర్రా దగ్గరి టిడ్‌బిన్‌బిల్లా యాంటెన్నా నుంచి ఆ గ్రహానికి పంపారు.

2014లో పాల్ రాబర్ట్‌సన్ బృందం ఆ నక్షత్రం తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి సుమారు 130 రోజులు పడుతుందని గమనించింది. అందులో సగం దాదాపు 66. అప్పటికే అనుమానం రావాలి. నక్షత్రం మీది అయస్కాంత అలజడి వల్ల పుట్టిన తేడాను లెక్కలోంచి తీసేయగానే ‘డి’ సంకేతం కరిగిపోయింది. మిగతా మూడు గ్రహాల సంకేతాలు మాత్రం మునుపటి కంటే బలపడ్డాయి. 2010లో ‘మనుషులు బతకగలిగే గ్రహం’ అని పతాక శీర్షికలకెక్కిన ‘జి’ కూడా ‘డి’ లెక్క మీద నిలబడిందే కాబట్టి, అదీ కూలిపోయింది.

సందేశాలు 2030 ప్రాంతంలో చేరతాయి. నక్షత్రమైతే అక్కడే ఉంటుంది లెండి.

మచ్చ గ్రహంలా ఎలా నటిస్తుంది?

గ్రహం తిరుగుతుంటే దాని లాగుడుకు నక్షత్రం కూడా కాస్త ఊగుతుంది. మన వైపు వచ్చేటప్పుడు వెలుగు నీలం వైపు, దూరం జరిగేటప్పుడు ఎరుపు వైపు జరుగుతుంది. ఈ జరుగుడును వర్ణపటంలోని నల్లగీతల్లో కొలుస్తారు.

అయితే నక్షత్రం తిరుగుతుంది కాబట్టి, ఎప్పుడూ దాని ఒక అంచు మన వైపు వస్తూ, రెండో అంచు దూరం జరుగుతూ ఉంటాయి. రెండూ సమానంగా వెలిగితే సగటు సున్నా. మన వైపు వచ్చే అంచు మీద నల్లమచ్చ పడితే అటు నుంచి నీలం వాటా తగ్గి, మొత్తం వెలుగు ఎరుపుకు ఒరుగుతుంది. కొన్ని రోజులకు మచ్చ రెండో అంచుకు చేరితే ఒరుగుడు తిరగబడుతుంది. నక్షత్రం కదల్లేదు, గ్రహం లేదు, కానీ కాగితం మీద గీసిన గీత అచ్చం ఊగిసలాటలాగే కనిపిస్తుంది. 2001లో డిడియర్ కెలోజ్ బృందం హెచ్‌డీ 166435 అనే నక్షత్రంలో సరిగ్గా ఇదే పట్టుకుంది. 3.8 రోజులకోసారి చక్కగా ఊగుతోంది. కారణం మచ్చలు. తమకు దొరికిన గ్రహం గ్రహం కాదని తామే వ్యాసం రాసుకున్నారు. నా దృష్టిలో గ్రహాన్ని కనుక్కున్న వ్యాసం కంటే ఇలాంటి వ్యాసానికే ఎక్కువ గుండె కావాలి.

నోబెల్ గ్రహానికీ తప్పని విచారణ

సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ దొరికిన మొదటి గ్రహం 51 పెగాసీ బి. 1995లో మిషెల్ మేయర్, కెలోజ్ ఫ్రాన్స్‌లోని ఒత్ ప్రొవాన్స్ అబ్జర్వేటరీ నుంచి కనుక్కున్నారు. 4.2 రోజులకో చుట్టు. నక్షత్రం ఊపు సెకనుకు 50 మీటర్ల పైచిలుకు. 2019లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఈ మధ్యలో జరిగిన కథ చాలామందికి తెలియదు. నక్షత్రాల ఉపరితలం మీద ఆరితేరిన కెనడా శాస్త్రవేత్త డేవిడ్ గ్రే, 1997లో నేచర్ పత్రికలో ‘అక్కడ గ్రహం లేదు’ అని రాశారు. గ్రహం లాగితే నల్లగీత మొత్తంగా పక్కకు జరగాలే తప్ప దాని ఆకారం మారకూడదు. తనకు ఆకారం మారుతున్నట్టు కనిపించిందని, అది నక్షత్రం ఉపరితలం చేసే పనేనని ఆయన వాదన. అడగాల్సిన ప్రశ్నే అది. మరిన్ని కొలతలు తీసి చూస్తే ఆ మార్పు నిలబడలేదు. 1998లో అదే పత్రికలో గ్రహమే అసలు వివరణ అని ఆయనే ఒప్పుకున్నారు. గీత ఆకారం మారిందా లేదా అని చూడటం ఈ రంగంలో ఇప్పుడు మామూలు తనిఖీ.

సెకనుకు తొమ్మిది సెంటీమీటర్లు

బృహస్పతి లాగుడుకు సూర్యుడు సెకనుకు 12 మీటర్ల చొప్పున ఊగుతాడు. భూమి లాగుడుకు? సెకనుకు 9 సెంటీమీటర్లు. పాకే పసివాడి వేగం కూడా కాదు.

అదే సూర్యుడి ఉపరితలం ఎసరు మరిగినట్టు మరుగుతూ ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూ వెడల్పున్న వేడి గుబ్బలు సెకనుకు కిలోమీటరు వేగంతో పైకి తన్నుకొస్తాయి, పది పదిహేను నిమిషాల్లో చల్లారి, పక్కనున్న నల్లటి సందుల్లోంచి కిందికి దిగిపోతాయి. పైకి వచ్చేవి వేడిగా, ప్రకాశంగా, ఎక్కువ చోటు పరచుకుని ఉంటాయి. దిగేవి సన్నగా, మసకగా ఉంటాయి. అందుకని మొత్తం లెక్కలో సూర్యుడి వెలుగు ఎప్పుడూ కాస్త నీలానికి, సెకనుకు కొన్ని వందల మీటర్ల మేర, జరిగి కనిపిస్తుంది. ఆ జరుగుడు ఎప్పుడూ ఒకేలా ఉంటే తీసేయడం తేలికే. కానీ బలమైన అయస్కాంత క్షేత్రం ఉన్నచోట ఈ మరుగుడు అణిగిపోతుంది. మచ్చలు, వాటి చుట్టూ ఉండే ప్రకాశవంతమైన వలల లాంటి ప్రాంతాలు పెరిగినప్పుడు నీలం వాటా తగ్గుతుంది. పదకొండేళ్ల సౌరచక్రంలో ఈ తేడా సెకనుకు కొన్ని మీటర్లు వస్తుంది. భూమి పెట్టే తొమ్మిది సెంటీమీటర్లను అందులోంచి ఏరుకోవాలి.

ఈ చిక్కు విడదీయడానికి కానరీ దీవుల్లోని లా పాల్మాలో ఒక ముచ్చటైన ఏర్పాటు ఉంది. రాత్రిపూట గ్రహాలు వెతికే హార్ప్స్-ఎన్ పరికరానికి పగలు పని ఉండదు కదా. 2015 నుంచి అరచేతిలో పట్టేంత కటకంతో సూర్యుడి వెలుగును పట్టి, దానికే అందిస్తున్నారు. సూర్యుణ్ని దూరపు చుక్కలా, ఒకే బిందువుగా చూపిస్తారన్న మాట. మచ్చలు ఎక్కడున్నాయో వేరే ఫొటోల్లో కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి, ఏ మచ్చ వర్ణపటాన్ని ఎంత చెడగొట్టిందో సరిచూసుకోవచ్చు. జవాబు ముందే తెలిసిన ఏకైక నక్షత్రం మనదే మరి.

పక్కింటి గ్రహం మాయం

మనకు అతి దగ్గరి నక్షత్ర కుటుంబం ఆల్ఫా సెంటారీ. అందులోని ‘బి’ నక్షత్రం చుట్టూ భూమంత బరువున్న గ్రహం ఉందని 2012లో ప్రకటించారు. ఊపు సెకనుకు అర మీటరు, చుట్టు 3.2 రోజులు. ప్రపంచమంతా పండగ చేసుకుంది. మూడేళ్ల తర్వాత ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన వినేశ్ రాజ్‌పాల్ బృందం ఒక పరీక్ష పెట్టింది. కంప్యూటరులో గ్రహమే లేని నక్షత్రాన్ని తయారుచేసి, దానికి అలజడి మాత్రం ఇచ్చి, అసలు కొలతలు తీసిన తేదీల్లోనే ‘కొలిచారు’. అక్కడా 3.2 రోజుల సంకేతమే పలికింది! కొలతల మధ్య ఖాళీ రోజులు, నక్షత్రం గోల కలిసి గ్రహాన్ని పుట్టించాయి.

బర్నార్డ్ నక్షత్రం కథ దీనికి పొడిగింపు. 2018లో అక్కడ 233 రోజుల గ్రహం అన్నారు, 2021లో అది నక్షత్రం పనే అన్నారు. 2024లో మరింత సున్నితమైన పరికరంతో మూడు రోజుల చిల్లర చుట్టు గ్రహం నిజంగానే దొరికింది. 2025 నాటికి నాలుగయ్యాయి.

భూమి కంటే పెద్ద నీడ

గ్రహం నక్షత్రానికి అడ్డంగా వెళ్లినప్పుడు వెలుగు కాస్త తగ్గడం రెండో పద్ధతి. దూరం నుంచి ఎవరైనా చూస్తుంటే భూమి సూర్యుడి వెలుగులో 0.0084 శాతం మాత్రమే మూస్తుంది. 2003 అక్టోబరు చివర్లో సూర్యుడి మీద తేలిన భారీ మచ్చలు దాదాపు 0.3 శాతం వెలుగు తగ్గించాయి. అంటే మచ్చల నీడ భూమి నీడకు ముప్పై అయిదు రెట్లకు పైనే. అయినా గ్రహాల వేటగాళ్లు బతికిపోతున్నారంటే కారణం వేగంలో తేడా. గ్రహం కొన్ని గంటల్లో దాటిపోతుంది, మచ్చ రోజుల తరబడి నింపాదిగా జరుగుతుంది.

గ్రహం సైజు ఎవరి చేతిలో ఉంది?

వెలుగు ఎంత తగ్గిందో చూస్తే, గ్రహం నక్షత్రంలో ఎన్నో వంతో తెలుస్తుంది. అంతే. కిలోమీటర్లలో చెప్పాలంటే నక్షత్రం సైజు తెలియాలి. దాని కోసం నక్షత్రం ఉపరితల ఉష్ణోగ్రత, దూరం కావాలి. నక్షత్రం వ్యాసార్థంలో 10 శాతం పొరపాటు గ్రహం వ్యాసార్థంలోకి 10 శాతంగా దిగుతుంది. ఘనపరిమాణంలో మూడో వంతు అవుతుంది. దాంతో రాతి గ్రహం, గ్యాసు గ్రహం తేడా చెరిగిపోతుంది. కెప్లర్ టెలిస్కోపు కనుక్కున్న వేల గ్రహాల సైజుల్ని 2018లో గయా ఉపగ్రహం నక్షత్రాల దూరాలు కచ్చితంగా ఇచ్చాక మరోసారి సరిదిద్దారు.

అంతకుముందు ఏడాదే కాలిఫోర్నియా బృందం నక్షత్రాల వర్ణపటాలను జాగ్రత్తగా తీసి సైజులు సవరిస్తే, అప్పటిదాకా మసకలో దాగిన ఒక విచిత్రం బయటపడింది. భూమికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మధ్య సైజు గ్రహాలు చాలా అరుదు. చిన్నవి బోలెడు, పెద్దవి బోలెడు, మధ్యలో ఖాళీ. ఒక్క కొత్త గ్రహం కూడా కనుక్కోకుండా, నక్షత్రాల్ని సరిగా చూసినందుకు దొరికిన ఫలితం ఇది.

మచ్చలు ఇక్కడా వేలు పెడతాయి. గ్రహం వెళ్లే దారిలో కాకుండా పక్కన మచ్చలుంటే, గ్రహం వెలుగున్న భాగాన్నే మూస్తుంది కాబట్టి ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. మచ్చ మీదుగానే వెళ్తే చిన్నదిగా కనిపిస్తుంది.

సూర్యుడి మీద నీటి ఆవిరి

నమ్మశక్యంగా లేకపోయినా నిజం. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. నల్లమచ్చల నడిబొడ్డు అంతకంటే బాగా చల్లన, పెద్ద మచ్చల్లో 3,000 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అంత ‘చల్లదనం’లో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీటి అణువుగా నిలవగలవు. 1995లో సూర్యమచ్చల వర్ణపటంలో నీటి గుర్తులు పట్టుకున్నారు.

ఈ ముచ్చట జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు తలనొప్పిగా మారింది. 26 కాంతి సంవత్సరాల దూరంలోని గ్లీస్ 486 అనే ఎర్ర నక్షత్రానికి దగ్గరగా, భూమి కంటే మూడో వంతు పెద్దదైన రాతి గ్రహం తిరుగుతోంది. 2023లో ఆ గ్రహం అడ్డం వెళ్లినప్పటి నక్షత్రం వెలుగులో వెబ్ నీటి ఆవిరి గుర్తు చూపింది. సంబరపడాలా వద్దా? ఆ నీరు గ్రహం గాలిలోదా, నక్షత్రం మచ్చల్లోదా తేల్చలేమని ఆ బృందమే నిజాయితీగా రాసింది. మరుసటి ఏడాది గ్రహం వేడిని విడిగా కొలిస్తే, దాని మీద చెప్పుకోదగ్గ గాలి లేదని తేలింది. ఆ తడి నక్షత్రానిదే అనుకోవాలి.

ఏడు గ్రహాల ట్రాపిస్ట్-1 దగ్గరైతే ఇంకా విడ్డూరం. దాని అన్నిటికంటే లోపలి గ్రహాన్ని వెబ్ రెండుసార్లు చూస్తే రెండు రకాల వర్ణపటాలు వచ్చాయి. మొదటిసారి నల్లమచ్చల ప్రభావం, రెండోసారి మెరిసే ప్రాంతాల ప్రభావం. ఈ తగువు తీర్చడానికే నాసా పండోరా అనే చిన్న ఉపగ్రహం తయారుచేసింది. 45 సెంటీమీటర్ల టెలిస్కోపుతో ఒక్కో నక్షత్రాన్ని 24 గంటలు కదలకుండా, పదేసిసార్లు చూడాలని దాని ప్రణాళిక. పెద్ద టెలిస్కోపులకు అంత తీరిక ఎవరిస్తారు?

అంచుకు, నడుమకు తేడా

నక్షత్రం అంచు నడిభాగం కంటే మసకగా ఉంటుంది. వర్ణపటంలో సోడియం గీత కూడా అంచున ఒకలా, నడుమ ఒకలా ఉంటుంది. హెచ్‌డీ 209458 అనే నక్షత్రపు గ్రహంలో సోడియం ఉందని 2002లో హబుల్ ఫలితాలు చెప్పాయి. మరో గ్రహ కుటుంబంలో గాలిని గుర్తించడం అదే మొదలు. 2020లో భూమి మీది టెలిస్కోపుల కొలతలు తిరగేస్తే, వాటిలో కనిపించిన సోడియం గుర్తుకు గ్రహం గాలి అక్కర్లేదని, నక్షత్రం అంచు-నడుమ తేడా, తిరుగుడు చాలునని తేలింది. చర్చ ఇంకా నడుస్తోంది.

ఉపరితలం చేసే మేలు కూడా ఉంది. గ్రహం అడ్డం వెళ్తూ ముందు ఏ అంచును మూసిందో వర్ణపటం చెప్పేస్తుంది. 1924లో రాసిటర్, మెక్‌లాఫ్లిన్ జంట నక్షత్రాల్లో చూపిన చిట్కా ఇది. దీంతోనే 2009లో వాస్ప్-17 గ్రహం తన నక్షత్రం తిరిగే దిశకు ఎదురు తిరుగుతోందని కనిపెట్టారు.

కోడైకెనాల్, బేగంపేట

సూర్యమచ్చలోంచి వాయువు బయటికి పారుతుందని 1909 జనవరిలో కోడైకెనాల్ వేధశాలలో జాన్ ఎవర్‌షెడ్ కనిపెట్టారు. గ్రహాల వేటగాళ్లు వాడే ఎరుపు-నీలం జరుగుడు కొలతే ఆయనదీ.

మన ప్రాంతానికి ఇంకా దగ్గరి పేరు వైను బప్పు. తండ్రి హైదరాబాదు బేగంపేటలోని నిజామియా వేధశాలలో పనిచేశారు. కొడుకు చదివింది నిజాం కాలేజీ. అమెరికాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ఆయన ప్రచురించిన ఫలితం ఇప్పటికీ ఇద్దరి పేరుతోనే ఉంది. నక్షత్రపు పై పొరలో కాల్షియం వెలిగించే ఊదా గీత వెడల్పును బట్టి ఆ నక్షత్రం అసలు ప్రకాశం చెప్పొచ్చని తేల్చారు. విల్సన్ అదే కాల్షియం వెలుగును పట్టుకుని 1966 నుంచి మౌంట్ విల్సన్‌లో ఏళ్ల తరబడి కొలిచి, ఇతర నక్షత్రాలకూ సూర్యుడిలాగే మచ్చల చక్రం ఉందని చూపించారు. ఇవాళ గ్రహం దొరికిందనుకున్న ప్రతి బృందం ముందు కాల్షియం గీత చూస్తుంది. ఊపు, కాల్షియం కలిసి ఎక్కిదిగుతుంటే అది గ్రహం అనుకోవడానికి వీల్లేదు.

1917లోనే కనిపించిన రాళ్లు

మరణించిన నక్షత్రం తెల్ల మరుగుజ్జు. దాని బరువుకు కాల్షియం, ఇనుము లాంటివి త్వరగా లోపలికి దిగిపోతాయి, పైన ఉండకూడదు. ఉన్నాయంటే పైనుంచి ఇటీవలే రాళ్లు పడుతున్నట్టు. వాన్ మానెన్ నక్షత్రం వర్ణపటాన్ని 1917లో గాజు పలక మీద తీశారు. అందులో కాల్షియం గీతలు స్పష్టంగా ఉన్నాయి. దాని అర్థం దాదాపు శతాబ్దం తర్వాత గానీ ఎవరికీ తట్టలేదు. వేరే గ్రహ కుటుంబానికి మన దగ్గరున్న మొట్టమొదటి రుజువు ఆ పలకే.

స్పాక్ సొంతూరు

స్టార్ ట్రెక్ చూసినవాళ్లకు స్పాక్ పుట్టిన వల్కన్ గ్రహం తెలుసు. దాని సూర్యుడు ఏ నక్షత్రమన్న వాదన తీర్చడానికి ఆ ధారావాహిక సృష్టికర్త జీన్ రోడెన్‌బెర్రీ, ముగ్గురు ఖగోళవేత్తలతో కలిసి 1991లో స్కై అండ్ టెలిస్కోప్ పత్రికకు లేఖ రాశారు. 16 కాంతి సంవత్సరాల దూరంలోని 40 ఎరిడానీ అన్నారు. ఆధారం? విల్సన్ మొదలుపెట్టిన ఆ కాల్షియం కొలతలే. వాటి ప్రకారం ఆ నక్షత్రానికి నాలుగు వందల కోట్ల ఏళ్లు, నాగరికత పుట్టేంత వయసు.

2018లో అక్కడ నిజంగానే గ్రహం దొరికిందన్నారు, 42 రోజుల చుట్టు. అభిమానులు ఎగిరి గంతేశారు. 2024లో అరిజోనాలోని కిట్ పీక్ నుంచి కొత్త పరికరంతో చూసినవాళ్లు ఆ ఊపు నక్షత్రం ఉపరితలానిదేనని తేల్చారు. ఆ నక్షత్రం తన చుట్టూ తాను తిరిగే కాలం కూడా దాదాపు 42 రోజులే.

కాబట్టి ఈసారి ‘భూమిలాంటి గ్రహం దొరికింది’ అన్న వార్త కంటపడితే, గ్రహం ఎన్ని రోజులకో చుట్టు తిరుగుతోందో చదివాక, నక్షత్రం ఎన్ని రోజులకో చుట్టు తిరుగుతోందో కూడా వెతకండి. రెండూ ఒకటే అయినా, ఒకటి రెండోదానిలో సగమైనా, బంధుమిత్రులకు ఫార్వర్డ్ చేయడానికి నాలుగేళ్లు ఆగండి.